ఒకే రక్తపరీక్షకు రెండు జవాబులు: నన్ను దిద్దిన ఒక కిడ్నీ కేసు

అమెరికాలో కిడ్నీ వైద్యురాలిగా పనిచేస్తున్న నేను ఈ కేసును రోగి అనుమతితో రాస్తున్నాను. ఊరు, వృత్తి, కుటుంబ వివరాలు కొన్ని మార్చాను. పరీక్షల్లో వచ్చిన అంకెలను, ఒక్కో నిర్ణయం వెనక నేను చేసిన ఆలోచనను, అందులోని తప్పును మాత్రం ఉన్నదున్నట్టు ఉంచాను. రోగి తండ్రి ఆఫ్రికన్ అమెరికన్, తల్లి తెలుగు ఆవిడ. ఆమెను ఏ జాతి కింద రాయాలన్న ప్రశ్న చివరికి ఆమెకు కొత్త కిడ్నీ ఎప్పుడు దొరుకుతుందన్న ప్రశ్నగా మారింది. అందుకే రాస్తున్నాను.

నేపథ్యం

2020 ఫిబ్రవరిలో ఆమె నా దగ్గరకు వచ్చేనాటికి వయసు 34. అంతకుముందు చూసిన డాక్టరు పంపిన కాగితాల్లో మొదటి వాక్యం ఇది: ‘నల్లజాతి మహిళ, అధిక రక్తపోటు వల్ల దెబ్బతిన్న కిడ్నీలు.’ రెండేళ్ల కిందట మూత్రంలో ప్రొటీన్ పోతోందని, బీపీ 160 దాటిందని తేలింది. బీపీ మందులు ఇచ్చారు. బయాప్సీ, అంటే కిడ్నీ నుంచి చిన్న ముక్క తీసి చూసే పరీక్ష, చేయలేదు. రక్తంలో క్రియాటినిన్ అనే వ్యర్థం మెల్లమెల్లగా పెరుగుతూ 3.1కి వచ్చింది.

ఆ వాక్యాన్ని తలలో పెట్టుకునే వెయిటింగ్ హాలు దాటాను. అక్కడ నేత చీర మీద ఉన్ని స్వెటరు వేసుకున్న ఒక పెద్దావిడ ఒళ్లో స్టీలు డబ్బా పెట్టుకుని కూర్చున్నారు. మన తెలుగు ఆవిడలా ఉన్నారే, ఎవరి తాలూకో అనుకున్నాను. పక్క కుర్చీలోని నల్లజాతి యువతికీ ఆవిడకూ సంబంధం ఉండవచ్చన్న ఊహే నాకు రాలేదు. నర్సు పేరు పిలిస్తే ఇద్దరూ కలిసి లేచారు.

గదిలోకి రాగానే పెద్దావిడ నా కోటు మీది పేరు చదివి, “తెలుగువారా అమ్మా?” అన్నారు. “అవునమ్మా” అన్నాను. “నా కూతురు” అని పరిచయం చేశారు. ఆ రెండు మాటలు చెప్పేటప్పుడు ఆవిడ గొంతు కొంచెం పెరిగింది. చాలాచోట్ల చాలాసార్లు చెప్పి, నమ్మించాల్సి వచ్చిన మాటలవి అని నాకు తర్వాత అర్థమైంది. పిల్లలు చిన్నగా ఉన్నప్పుడు బడి దగ్గర ఆవిడను ఆయా అనుకునేవారట.

రెండు వరుసల కాగితం

ఆ రోజుల్లో ల్యాబ్ కాగితం మీద కిడ్నీ పనితీరు రెండు వరుసల్లో అచ్చయ్యేది. ఆమె కాగితం మీద ఇలా ఉంది: ‘ఆఫ్రికన్ అమెరికన్ అయితే 22. కాకపోతే 19.’ ఒకే చేతి నుంచి, ఒకే సూదితో తీసిన రక్తం అది.

ఈ రెండు అంకెలు ఎక్కడి నుంచి వచ్చాయో చెప్పాలి. కిడ్నీలు నిమిషానికి ఎన్ని మిల్లీలీటర్లు వడగడుతున్నాయో నేరుగా కొలవడం శ్రమతో కూడిన పని. అందుకని రక్తంలోని క్రియాటినిన్‌ను బట్టి లెక్కగడతాం. క్రియాటినిన్ కండరాల నుంచి పుడుతుంది, కిడ్నీల గుండా బయటికి పోతుంది. 1999లో వచ్చిన సూత్రంలోనూ, తర్వాత 2009లో వచ్చిన మెరుగైన సూత్రంలోనూ వయసుతో, స్త్రీ పురుష భేదంతో పాటు జాతిని కూడా చేర్చారు. ఆ అధ్యయనాల్లో పాల్గొన్న నల్లజాతివారిలో వడపోత మిగతావారితో సమానంగా ఉన్నా క్రియాటినిన్ సగటున కాస్త ఎక్కువగా కనిపించింది. వారికి కండ ఎక్కువ అన్నది దానికి చెప్పిన ఒక కారణం. కాబట్టి రోగి నల్లజాతి అయితే వచ్చిన జవాబును 2009 సూత్రంలో 1.159తో గుణించమన్నారు. అంటే పనితీరు సుమారు 16 శాతం మెరుగ్గా ఉన్నట్టు లెక్క.

చాలామంది రోగుల విషయంలో ఈ 16 శాతం వల్ల వైద్యం మారదు. 20 అనే గీత దగ్గరకు వచ్చేసరికి మాత్రం అంతా మారిపోతుంది. అమెరికాలో డయాలసిస్ మొదలుకాని రోగికి కిడ్నీ మార్పిడి జాబితాలో నిరీక్షణ రోజులు లెక్కలోకి రావాలంటే పనితీరు 20 గానీ అంతకు తక్కువ గానీ ఉండాలి. 19 అయితే ఆ రోజు నుంచే వరుసలో నిలబడ్డట్టు. 22 అయితే ఇంటికి వెళ్లి, కిడ్నీలు ఇంకాస్త చెడిపోయాక రావాలి. ముందు డాక్టరు పై వరుస చదివారు. 2019 నవంబరులోనూ ఆమెకు ఇదే 3.1, ఇదే 22. జాబితాకు పంపలేదు.

నా ఎదుట కూర్చున్న మనిషి ఐదడుగుల రెండంగుళాల ఎత్తు, 50 కిలోల బరువు. మణికట్టు నా మణికట్టు కన్నా సన్నంగా ఉంది. ఆమె ఒంట్లో ఎంత కండ ఉందో ఎవరూ కొలవలేదు. ఆమె తండ్రి జాతిని బట్టి కండ ఉందనుకున్నారు. తల్లి నుంచి వచ్చినదాన్ని సూత్రం ఏం చేయాలో ఎక్కడా లేదు. అందులో 1.159 ఉంది, లేదా 1 ఉంది, నడుమ ఏదీ లేదు.

డికాషన్ రంగు

నేను మామూలు ప్రశ్నలు ముగించి పరీక్షలు రాస్తుండగా పెద్దావిడ తెలుగులో అన్నారు: “డాక్టరమ్మా, దీనికి చిన్నప్పుడు జలుబు చేసి గొంతు నొప్పి వస్తే చాలు, మర్నాటికల్లా మూత్రం కాఫీ డికాషన్ రంగులో వచ్చేది. నాలుగు రోజులకు అదే తగ్గిపోయేది. మా తమ్ముడికీ ఇలాగే అయ్యేది. వాడికి నలభై ఏళ్లకే రెండు కిడ్నీలూ పోయాయి.”

పెన్ను కింద పెట్టాను. ఈ మాట ముందు డాక్టరుకు చెప్పారా అని అడిగాను.

“వాళ్ల నాన్నకు బీపీ ఉందా అని అడిగారమ్మా. ఉందన్నాను. నా వైపు సంగతి ఎవరూ అడగలేదు.”

గొంతు నొప్పి వచ్చిన ఒకటి రెండు రోజుల్లోనే మూత్రంలో రక్తం పడడం ఐజీఏ నెఫ్రోపతీ అనే జబ్బుకు, అంటే ఐజీఏ అనే ప్రొటీన్ కిడ్నీల్లో పేరుకుని వాటిని దెబ్బతీసే జబ్బుకు, పాఠం లాంటి లక్షణం. ఈ జబ్బు ఆసియా ప్రజల్లో ఎక్కువ, ఆఫ్రికన్ మూలాలున్నవారిలో తక్కువ. కొన్ని కుటుంబాల్లో ఒకరికి మించి కనిపిస్తుంది. అమెరికాలో నల్లజాతి రోగికి బీపీ, కిడ్నీ జబ్బు రెండూ కలిసి కనిపిస్తే, బయాప్సీ లేకుండానే ‘బీపీ వల్ల’ అని రాసేయడం బాగా పాతుకుపోయిన అలవాటు. కిడ్నీ జబ్బే ముందు వచ్చి, దాని వల్ల బీపీ పెరిగి ఉండవచ్చన్న ప్రశ్న అక్కడితో ఆగిపోతుంది. ఆమె విషయంలో అదే జరిగింది. ఆ డాక్టరు అజాగ్రత్తపరుడని నేను అనను. ఆయన కళ్లకు తండ్రి కనిపించాడు, తండ్రి గురించి అడిగారు. నేను ఆయన స్థానంలో ఉండి, ఆ రోజు పెద్దావిడ రాకపోయి ఉంటే, నేనూ అదే వాక్యం కింద సంతకం చేసి ముందుకు పంపేదాన్ని.

ఈ దశలో బయాప్సీ చేయాలా అన్నది మొదటి నిర్ణయం. పనితీరు ఇంతగా పడిపోయాక బయాప్సీ వల్ల చికిత్స మారే అవకాశం తక్కువ, రక్తస్రావం ప్రమాదం ఎక్కువ. కానీ స్కానింగులో కిడ్నీలు ఇంకా కుంచించుకుపోలేదు. ఐజీఏ జబ్బు మార్పిడి చేసిన కొత్త కిడ్నీకి కూడా తిరిగి రాగలదు కాబట్టి ముందే తెలిసి ఉండడం అవసరం. అన్నిటికన్నా ముఖ్యం, ఆమెకు నాలుగేళ్లు చిన్నవాడైన ఒక తమ్ముడు ఉన్నాడు. కిడ్నీ ఇస్తానంటున్నాడు. జబ్బు వంశంలో ఉంటే అతని కిడ్నీ తీయకముందే మాకు తెలియాలి. ఈ మూడూ ఆమె ముందు పెట్టాను. చేయించుకుంటానంది.

ఐజీఏ నెఫ్రోపతీయే. వడపోత గుచ్ఛాల్లో ఎక్కువ భాగం అప్పటికే మచ్చలు కట్టిపోయాయి. అంత మచ్చ కట్టాక స్టెరాయిడ్లు మేలు కన్నా కీడే ఎక్కువ చేస్తాయి కాబట్టి ఇవ్వలేదు. రెండేళ్ల ముందు ఈ బయాప్సీ చేసి ఉంటే ఎంత కిడ్నీ మిగిలేదో చెప్పలేను. చేసి ఉండాల్సిందని మాత్రం చెప్పగలను.

అట్టపెట్టె

తర్వాతి సారి పెద్దావిడ ఒక అట్టపెట్టె తెచ్చారు. అందులో ఇద్దరు పిల్లల టీకా కార్డులు, బడి ఫారాలు, పాత ఆసుపత్రి చీటీలు వరుసగా పేర్చి ఉన్నాయి. నాకు కావలసింది చిన్ననాటి మూత్రపరీక్ష ఏదైనా. అది దొరికింది, రక్తకణాలు ఉన్నట్టు అందులో రాసి ఉంది. వెతుకుతున్నప్పుడు ఒక బడి ఫారం చేతికి వచ్చింది. జాతి అన్న చోట ‘ఆసియన్’ గడిలో నీలి సిరాతో టిక్కు పెట్టి ఉంది. దాన్ని నల్ల సిరాతో కొట్టేసి ‘బ్లాక్’ గడిలో ఇంకో టిక్కు. మొదటిది తనదని, రెండోది గుమాస్తాదని ఆవిడ చెప్పారు. “పిల్లను చూసి దిద్దింది. ఒక్కటే పెట్టాలమ్మా, ఇది మీ పొరపాటు అంది.”

ఆ గుమాస్తా తన ఇష్టం వచ్చినట్టు చేయలేదు. 1977 నాటి కేంద్ర ప్రభుత్వ నిబంధన ప్రకారం, ఒకటికి మించిన మూలాలున్న మనిషిని సమాజం ఏ జాతిగా గుర్తిస్తుందో ఆ ఒక్క జాతి కిందే లెక్క రాయాలి. ఒకటి కన్నా ఎక్కువ గడుల్లో టిక్కు పెట్టవచ్చని 1997లో నిబంధన మార్చారు. జనాభా లెక్కల్లో ఆ వీలు 2000లో మొదటిసారి వచ్చింది. 2020 లెక్కల్లో 3 కోట్ల 38 లక్షల మంది ఒకటికి మించిన జాతులు రాసుకున్నారు. 2010లో ఆ సంఖ్య 90 లక్షలు. పదేళ్లలో అంతమంది కొత్తగా పుట్టలేదు. ప్రశ్న అడిగే తీరు, రాసిన జవాబును నమోదు చేసే తీరు మారడం ఈ పెరుగుదలకు పెద్ద కారణం.

ఈ కుటుంబం విషయంలో నన్ను నిద్రపోనివ్వని సంగతి ఇంకొకటి ఉంది. అమెరికా జనన గణాంకాల్లో 1989 ముందు వరకు, తల్లిదండ్రుల్లో ఎవరూ తెల్లజాతి కాకపోతే బిడ్డను సాధారణంగా తండ్రి జాతి కింద లెక్కపెట్టేవారు. 1989 నుంచి తల్లి జాతిని బట్టి లెక్కపెట్టడం మొదలుపెట్టారు. నా రోగి అంతకుముందు పుట్టింది, ఆమె తమ్ముడు ఆ తర్వాత పుట్టాడు. ఒకే తల్లి, ఒకే తండ్రి. గణాంకాల్లో అక్క నల్లజాతి, తమ్ముడు ఆసియా జాతి.

మన తెలుగులో ఈ భావానికి సరైన మాట కూడా లేదు. తెలుగు జాతి అంటాం, ఒంగోలు జాతి ఎద్దు అంటాం, కులానికీ అదే మాట వాడతాం. మాట ఇంత వదులుగా ఉండడం వల్లనేమో, అమెరికా గడులు గట్టివనీ, శాస్త్రం నుంచి వచ్చినవనీ నేను చాలాకాలం నమ్మాను. 1930 జనాభా లెక్కల్లో భారతీయులు ‘హిందూ’ అనే జాతి. 1970లో తెల్లజాతి. 1980 నుంచి ఆసియన్ ఇండియన్. ఒక్క మనిషి ఆయుష్షులోనే మూడు జాతులు. ఆ మనిషి ఒంట్లో కండ మాత్రం ఎప్పుడూ అంతే.

నేను చేసిన తప్పు

2020 మార్చి మొదటి వారంలో ఆసుపత్రి కంప్యూటర్‌లో ఆమె రికార్డు తెరిచి, జాతి అన్న చోట ‘నల్లజాతి’ తీసేసి ‘ఆసియన్’ అని పెట్టాను.

నా ఆలోచన ఇది. తల్లి భారతీయురాలు కనుక రాసింది అబద్ధం కాదు. జబ్బు కూడా తల్లి వైపు నుంచి వచ్చినట్టే ఉంది. ఆసియన్ అని ఉంటే కంప్యూటర్ తనంతట తానే 19 తీసుకుంటుంది, మార్పిడి జాబితాకు దరఖాస్తు వెళ్లిపోతుంది. కిడ్నీ కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసే దేశంలో ఒక్క నెల దక్కినా మేలే. ఇది నేను ఆమెకు చేస్తున్న ఉపకారం అనుకున్నాను. ఆమెను అడగలేదు. ఉపకారమే కదా, అడిగేదేముంది అనుకున్నాను.

ఇది రెండు వైపులా బెడిసింది. మార్పిడి కమిటీ దరఖాస్తును వెనక్కి పంపింది. పాత రికార్డులో నల్లజాతి, కొత్త రికార్డులో ఆసియన్, మధ్యలో కారణం రాయలేదు, ఏ అంకె నమ్మాలి అని అడిగారు. న్యాయమైన ప్రశ్న. ఒక గడిని నమ్మి 22 అన్నారని ఆక్షేపించిన నేను ఇంకో గడిని నమ్మి 19 అన్నాను. ఆమె ఒంట్లో ఏముందో నేనూ కొలవలేదు.

రెండో దెబ్బ ఆమె నుంచి. రోగులు తమ రికార్డు చూసుకునే ఆన్‌లైన్ పేజీలో ఆమె మార్పు గమనించింది. ఫోను చేయలేదు, నేరుగా వచ్చింది. కూర్చోలేదు.

“మీరు ఏమి తీసేశారో మీకు తెలుసా? మా నాన్న చనిపోయి ఆరేళ్లయింది. ఆయన నాకు కారు నడపడం నేర్పినప్పుడు, ముందు నేర్పింది బ్రేకు కాదు. పోలీసు ఆపితే చేతులు స్టీరింగ్ మీద ఎక్కడ ఉంచాలి, ఏ గొంతుతో మాట్లాడాలి అన్నది నేర్పారు. అది నాకు మూడుసార్లు పనికొచ్చింది. పోలీసు నన్ను ఆపినప్పుడు మీ కంప్యూటర్‌లో ఆసియన్ అని ఉందని చెప్పమంటారా?”

నా దగ్గర జవాబు లేదు. అంకె సంగతి, జాబితా సంగతి చెప్పబోయాను. ఆమె ఆ లెక్క నాకన్నా త్వరగా అర్థం చేసుకుంది. “ఆ సూత్రం తప్పయితే సూత్రాన్ని తీసేయండి, మా నాన్నను కాదు” అంది.

అదే రోజు రాత్రి పెద్దావిడ ఫోను చేశారు. కూతురు కోప్పడినందుకు ఏమీ అనుకోవద్దని చెప్పి, కొంచెం సేపు ఆగి, “ఆ కాగితం చూసి నేను ఏడ్చానమ్మా. దుఃఖంతో కాదు. ముప్పై నాలుగేళ్లలో నా కూతురిని నా కూతురిగా రాసింది మీరొక్కరే” అన్నారు. ఆవిడ పెళ్లికి పుట్టింటివారు ఎవరూ రాలేదట. ఊళ్లో తెలుగువాళ్ల పండగలకు వెళ్తే, పిల్లలను చూసి “ఎవరి పోలిక?” అని అడిగేవారట, జవాబు తెలిసి కూడా.

ఆ ఫోను పెట్టేశాక చాలాసేపు కూర్చుండిపోయాను. ఒక్క గడి మార్చి, ఒక ఇంట్లో ముప్పై నాలుగేళ్లుగా మాటల్లోకి రాని విషయంలో నేను పక్షం వహించాను. గుమాస్తా నల్ల సిరాతో చేసిన పనిని నేను తిరగేసి చేశాను. గుమాస్తాకు కనీసం నిబంధన అడ్డం ఉంది, నాకు అదీ లేదు. 1997 తర్వాత రెండు గడులూ ఒకేసారి నింపవచ్చు. నా తొందరకు రెండో గడి పనికిరాదు కాబట్టే నింపలేదు.

మర్నాడు ఇద్దరినీ కలిపి కూర్చోబెట్టి క్షమించమని అడిగాను. రికార్డులో ఏమి ఉండాలో ఆమెనే చెప్పమన్నాను. నల్లజాతి, ఆసియన్ రెండూ పెట్టించింది. పక్కన ఉన్న ఖాళీలో సొంత మాటల్లో ఒక వాక్యం రాయించింది. “నాన్న వైపు” అని తండ్రి సొంత ఊరు ఉన్న రాష్ట్రం పేరు, “అమ్మ వైపు” అని ఆంధ్ర కోస్తాలోని జిల్లా పేరు. పెద్దావిడ ఆ జిల్లా పేరును కూతురి నోట సరిగ్గా పలికించడానికి రెండుసార్లు దిద్దారు. మూడోసారికి ఇద్దరూ నవ్వారు.

ఊహ కాకుండా కొలత

ఇక మిగిలింది నిజంగా కొలవడం. అప్పటికి కోవిడ్ వచ్చిపడింది. అత్యవసరం కాని పరీక్షలన్నీ ఆగిపోయాయి.

ఇంట్లోనే చేయగలిగేది 24 గంటల మూత్రం పట్టి క్రియాటినిన్ వడపోత చూడడం. అది కిడ్నీ పనితీరును ఉన్నదాని కన్నా ఎక్కువ చూపిస్తుందని నాకు తెలుసు. క్రియాటినిన్ వడపోత ద్వారానే కాక, కిడ్నీ నాళికల గోడల నుంచి కూడా మూత్రంలోకి చేరుతుంది. జబ్బు ముదిరినకొద్దీ ఈ రెండో దారి వాటా పెరుగుతుంది. తెలిసీ చేయించాను, ఎందుకంటే కమిటీ ఒప్పుకునే పరీక్షల్లో అప్పుడు చేతికి అందేది అదొక్కటే. 25 వచ్చింది. మాకు ఎదురు తిరిగే అంకెను నేనే కాగితం మీదికి తెచ్చినట్టయింది.

తర్వాత సిస్టాటిన్ సీ పరీక్షకు పంపాను. ఇది కండరాల మీద అంతగా ఆధారపడని ప్రొటీన్, దాని సూత్రంలో జాతి లేదు. స్టెరాయిడ్లు, థైరాయిడ్ జబ్బు ఉంటే ఇదీ తప్పుదారి పట్టిస్తుంది. ఆమెకు రెండూ లేవని చూసుకున్నాకే పంపాను. 19 వచ్చింది. ఒకటి 25, ఒకటి 19 కావడంతో నేరుగా కొలిచిన అంకె తెమ్మని కమిటీ చెప్పింది.

సెప్టెంబరులో ఒక పెద్ద బోధనాసుపత్రిలో అయోహెక్సాల్ పరీక్షకు తేదీ దొరికింది. ఈ మందును కొలిచి నరంలోకి ఎక్కించి, రక్తంలో నుంచి ఎంత వేగంగా తగ్గుతోందో గంటల వారీగా చూస్తారు. కిడ్నీలు బాగా నెమ్మదించినవారిలో చివరి నమూనా మర్నాడు తీయాలి. ఆమె ఉదయం ఏడింటికి వెళ్లి, చేతికి సూది ఉంచుకుని సాయంత్రం దాకా ఉండి, మళ్లీ మర్నాడు ఉదయం రెండు గంటలు కారు నడుపుకుంటూ వెళ్లి చివరి రక్తం ఇచ్చింది. 17 వచ్చింది.

ఆ కాగితం మీద జాతి అన్న మాటే లేదు. అక్టోబరులో జాబితాలో పేరు చేరింది.

తమ్ముడు

తమ్ముడిని దాతగా పరీక్షిస్తున్నప్పుడు జాతి ఇంకో రూపంలో వచ్చింది. మార్పిడి బృందం అతన్ని చూసి ఏపీఓఎల్-1 జన్యు పరీక్ష అడిగింది. పశ్చిమ ఆఫ్రికాలో ఈగ కాటుతో సోకే నిద్రజబ్బు నుంచి కాపాడుతూ వచ్చిన రెండు రకాల జన్యు మార్పులు, రెండు ప్రతుల్లోనూ ఉంటే, కిడ్నీ జబ్బు ముప్పు పెంచుతాయి. ఆ మార్పులున్న దాతకు మిగిలిన ఒక్క కిడ్నీ మీద భారం పడుతుంది కాబట్టి పరీక్ష అడగడం తప్పు కాదు. కానీ తల్లి ఒక ప్రతి, తండ్రి ఒక ప్రతి ఇస్తారు. తల్లి కోస్తా ఆంధ్ర కుటుంబం కాబట్టి అతనికి తండ్రి నుంచి వచ్చే ఒక్కటే ఉండే అవకాశం. పరీక్షలో అదే తేలింది.

వంశానికీ జాతికీ తేడాను ఇంతకన్నా స్పష్టంగా నేనెక్కడా చూడలేదు. వంశం ఏ ప్రతి ఎవరి నుంచి వచ్చిందో చెబుతుంది. గడికి ఆ వివరం పట్టదు, చర్మం చూసి ముప్పు మొత్తాన్నీ అతని మీద వేస్తుంది.

అతని అసలు ముప్పు రెండో వైపు ఉంది. మూత్రంలో కంటికి కనబడని రక్తకణాలు మూడు పరీక్షల్లో వరుసగా కనిపించాయి. అక్క జబ్బు పేరు తెలియకపోయి ఉంటే వాటిని ఎంత గట్టిగా పట్టించుకునేవారమో తెలియదు. బయాప్సీలో అతనికీ ఐజీఏ తొలి దశలో ఉందని తేలింది. కిడ్నీ ఇవ్వడానికి వీల్లేదన్నాం. నా గదిలో అతను ఏడ్చింది తన జబ్బు గురించి కాదు.

2023 జనవరి

ఈలోగా మా వృత్తిలో పెద్ద చర్చ నడిచింది. వైద్య విద్యార్థులు కొన్ని ఆసుపత్రుల్లో ముందే గొంతెత్తారు. 2021 సెప్టెంబరులో జాతీయ స్థాయి కార్యదళం జాతి లేని కొత్త సూత్రాన్ని సిఫార్సు చేసింది. 2022 జులై నుంచి మార్పిడి జాబితాకు జాతి కలిపిన లెక్కను వాడకూడదని నిషేధించారు. 2023 జనవరిలో ఇంకో అడుగు పడింది. పాత సూత్రం వల్ల ఆలస్యమైన నల్లజాతి రోగులను గుర్తించి, జాతి లేకుండా లెక్కిస్తే వారికి 20 ఎప్పుడు వచ్చేదో ఆ తేదీకి వారి నిరీక్షణను వెనక్కి జరపాలని అన్ని కేంద్రాలకూ చెప్పారు. 2024 మార్చి మధ్య నాటికి 14 వేలమందికి పైగా ఈ సవరణ జరిగింది.

ఆమె 2022 వేసవి నుంచి ఇంట్లోనే రాత్రిపూట కడుపు ద్వారా చేసే డయాలసిస్‌లో ఉంది. 2019 నవంబరు కాగితాన్ని వెతికి తీశాను. అదే 3.1. కొత్త సూత్రంలో 20కి లోపే వచ్చింది. ఆమె నిరీక్షణ 2020 అక్టోబరు నుంచి 2019 నవంబరుకు జరిగింది. పదకొండు నెలలు.

ఈ సవరణ నల్లజాతిగా నమోదైన రోగులకు వర్తించేది. నేను మార్చి పెట్టిన ‘ఆసియన్’ ఒక్కటే రికార్డులో మిగిలి ఉంటే ఆమె పేరు ఆ వెతుకులాటలో తగిలేది కాదు. ఆ రోజు ఆమె కూర్చోకుండా నిలబడి నాతో పోట్లాడినందువల్ల దక్కిన పదకొండు నెలలవి. 2023 జూన్‌లో ఒక తెల్లవారుజామున కిడ్నీ ఉందని ఫోను వచ్చింది. మార్పిడి జరిగింది. మొదటి ఏడాది చివర క్రియాటినిన్ 1.1.

నా పనిలో మారినవి

ఇప్పుడు కొత్త రోగి ఎవరైనా రెండు వైపులా అడుగుతాను: అమ్మ వైపు, నాన్న వైపు, మేనమామలు, మేనత్తలు, ఎవరికి ఏ వయసులో ఏమైంది. నా గదిలో రోగి జాతి రాసే ముందు ఆ మాట రోగి నోటి నుంచి వినాలి. నాకు అర్థం కాకపోతే మళ్లీ అడుగుతాను, చూసి నింపను. నిర్ణయం గీత దగ్గర ఉంటే క్రియాటినిన్‌తో పాటు సిస్టాటిన్ సీ పంపుతాను, తేలకపోతే నేరుగా కొలిపిస్తాను. ‘బీపీ వల్ల’ అని రాసి వచ్చిన ప్రతి నల్లజాతి రోగి ఫైలులో బయాప్సీ ఉందా, మూత్రంలో రక్తకణాలు చూశారా అని వెతుకుతాను. ఈ నాలుగేళ్లలో అలా ఇంకో ఇద్దరి జబ్బు పేరు మారింది.

జాతిని వైద్య రికార్డుల నుంచి పూర్తిగా తీసేయాలని కొందరు సహోద్యోగులు అంటారు. నేను ఒప్పుకోను. ఆమె ఎదుర్కొన్న ఆలస్యం ఒంట్లోని కండ వల్ల జరగలేదు, ఆమెను సమాజం చూసిన తీరు వల్ల జరిగింది. ఆ చూపు కాగితం మీద లేకపోతే ఆ 14 వేలమందిని వెతికి పట్టుకునే దారి కూడా ఉండేది కాదు. లెక్కగట్టే సూత్రంలో దానికి చోటు లేదు, జరిగిన అన్యాయాన్ని వెతికే పట్టికలో ఉంది.

తమ్ముడు ఇప్పుడు నా రోగి. ఆరు నెలలకోసారి వస్తాడు, ఎక్కువగా తల్లిని తీసుకుని. గత వేసవిలో మూత్రంలో ప్రొటీన్ కొంచెం పెరిగితే మందు మొదలుపెట్టాం. బీపీ బాగుంది, క్రియాటినిన్ 0.9 దగ్గరే ఉంది. ఈసారి వచ్చినప్పుడు జలుబు చేసి ఉంది. పెద్దావిడ నేను అడగకముందే, “రంగు మారలేదమ్మా, రోజూ చూసి చెప్పమన్నాను” అన్నారు. తర్వాతి పరీక్ష నవంబరులో.